కాలు నాది, అడగాల్సింది నన్ను

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా తండాలో తెలుసు, నేను పాఠాలు చెప్పే బడిలో తెలుసు, భూపాలపల్లి బస్సులో నన్ను తోసుకుని ఎక్కబోయిన వాళ్లందరికీ తెలుసు. ఇది పుట్టుకతో వచ్చిన కోపం కాదు. పదహారో ఏట దవాఖాన మంచం మీద నేర్చుకున్నది. నేర్పిన మనిషి మాత్రం ఎంత నెమ్మదస్తురాలంటే, ఆమె మాట్లాడితే పక్క మంచానికి కూడా వినపడేది కాదు.

పోయిన నెల మా బడిపిల్ల తల్లిని వెంటబెట్టుకుని జనగామ వైపు ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమెకు కడుపులో గడ్డ. ఆ మహానుభావుడు ఆమె తల మీదుగా మొగుడి వైపు చూస్తూ మాట్లాడుతూ పోయాడు. కడుపు ఈమెది, కబురు ఆయనకి. "ఆమెకు చెప్పండి సార్, ఆమెకు చెవులున్నాయి" అన్నాను. "మీరెవరమ్మా మధ్యలో?" అన్నాడు. బయటికొచ్చాక ఆ మొగుడు కూడా నా మీదే విసుక్కున్నాడు. "ఎందుకు టీచరమ్మా, సారుకు ఊకె కోపం తెప్పిచ్చినవ్" అని. ఇంటికొచ్చినా నా మంట చల్లారలేదు. అందుకే ఇది రాస్తున్నాను. దవాఖాన గడప తొక్కబోయే ఆడవాళ్లు చదవాలి, వాళ్లను తీసుకెళ్లే తండ్రులూ మొగుళ్లూ చదవాలి. డాక్టర్లు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

అరవై తొమ్మిది, వానాకాలం

ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్లన్నీ అట్టుడికిన ఏడాది. బడులు మూతబడ్డాయి. మానుకోట హాస్టల్లో ఉండి చదువుకుంటున్న నేను పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాను. మా తండా బయ్యారానికీ గార్లకూ మధ్యన ఉంటుంది. మేము లంబాడోళ్లం. ఇంట్లో మా భాష మాది, గడప దాటితే తెలుగు.

చేనులో పని చేస్తుంటే కుడికాలి మడమ పైన రాయి తగిలింది. పైకి గీత కూడా పడలేదు. కొన్నాళ్లకు జ్వరం మొదలైంది, దానితోపాటు నొప్పి. నొప్పి అంటే మామూలు నొప్పి కాదు. చర్మం కాదు, కండ కాదు, ఇంకా లోపల ఎక్కడో. దుప్పటి తగిలినా కేకలు పెట్టేదాన్ని. యాడి పసుపు కట్టింది, వేపాకు కాపడం పెట్టింది. యాడి అంటే మా భాషలో అమ్మ. మా మేనమామ మంత్రం వేసే ఆయన్ను పిలుద్దామన్నాడు. మా బాపు వినలేదు. "సదువుకునే పిల్ల. దవాఖానకే తీస్కపోత" అని బండి కట్టాడు.

గార్ల స్టేషన్లో రైలు కోసం పడిగాపులు పడ్డాం. ఏ రైలు వస్తుందో, ఏది మధ్యలో ఆగిపోతుందో ఎవరూ చెప్పలేని రోజులవి. ప్లాట్‌ఫారం మీద పడుకోబెట్టి బాపు తన తలరుమాలు విప్పి నాకు గాలి విసిరాడు. చివరికి ఒక రైలు దొరికింది. మేం దిగిన ఊరి పేరు, ఆ దవాఖాన పేరు రాయను. భయపడి కాదు. అలాంటి దవాఖాన అదొక్కటే అని మీరు అనుకుంటారేమోనని.

నన్ను చూసింది ఒక కుర్ర డాక్టరు. కోస్తా నుంచి వచ్చినవాడు. ముందురోజే గేటు దగ్గర జనం చేరి, మా ఊళ్లు వదిలి పొమ్మని అరిచి వెళ్లారట. పాపం, అతను నాకంటే ఎక్కువ భయపడి ఉన్నాడు. అది ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు కాలేదు.

"ఏమ్మా, ఏమిటి బాధ?"

"బొక్క నొస్తున్నది సార్."

అతను నా కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. అరికాలు చూశాడు. వేళ్ల సందుల్లో చూశాడు. "ఎక్కడుంది బొక్క? పుండు లేదు, చిల్లు లేదు. ఏదీ, చూపించు" అన్నాడు.

"బొక్క లోపటుంటది సార్, బయటికి కనవడ్తదా?" అన్నాను. నాకు ఒళ్లు మండింది. ఇంత చదివినోడికి కాల్లో బొక్క ఉంటుందని తెలియదా అనిపించింది.

పక్కనున్న కాంపౌండరు ఫక్కున నవ్వాడు. డాక్టరు ముఖం ఎర్రబడింది. నేను వెక్కిరిస్తున్నానని అనుకున్నాడు. "బడులు మూసేశారు కదా, ఇంకా ఈ నాటకాలు ఎందుకు?" అని ఏవో గోలీలు చేతిలో పెట్టి పొమ్మన్నాడు. మా దగ్గర బొక్క అంటే ఎముక, వాళ్ల దగ్గర బొక్క అంటే రంధ్రం. నాకు అతని బొక్క తెలియదు, అతనికి నా బొక్క తెలియదు. ఇద్దరి మధ్యా నా కాలు ఉడికిపోతోంది.

అప్పుడు గోడ పక్కన దూది సర్దుతున్న సిస్టరు ఇటు తిరిగింది. మలయాళీ ఆవిడ, పేరు ఏలియమ్మ. మావాళ్ల నోటికి తిరగక ఎల్లమ్మ సిస్టర్ అనేవాళ్లు. ఎల్లమ్మ అంటే మాకు దేవత కదా, ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె తెలుగు ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. వార్డులో అవ్వల దగ్గర, బాలింతల దగ్గర నేర్చుకుంది. అందుకని ఆమె నోట అచ్చం మా తెలుగే వచ్చేది.

"సార్, బొక్క అంటే ఎముక. ఎముక లోపట నొస్తున్నదంటున్నది పిల్ల."

"ఆహా. అయితే ఏం రోగమో కూడా నువ్వే చెప్పు."

"రోగమేందో నాకు తెల్వది సార్. మాట తెలుసు. మీకు ముట్టలేదని చెప్తున్న."

 అతను మళ్లీ వంగి, ఈసారి వేలితో ఎముక మీద నొక్కాడు. నా కేకకు వరండాలో ఉన్న బాపు లోపలికి పరిగెత్తుకొచ్చాడు. కుర్ర డాక్టరు తప్పయిందని అనలేదు గానీ మంచం మాత్రం ఇచ్చాడు. ఆ రోజుకి అదే పదివేలు.

దసరాకు ముందు

కాలికి ఎక్స్‌రే తీయించాలన్నారు. బాపు అదేందని కంగారుపడితే, స్ట్రెచర్ తోసుకెళ్లే మనిషి "ఏం లేదు పెద్దమనిషీ, కాలు ఫొటో తీస్తరు" అన్నాడు. బాపు ప్రాణం కుదుటపడింది. వెంటనే ఇంకో బెంగ పట్టుకుంది.

"మొఖం రాదా అందుల?"

"రాదు. ఒట్టి బొక్కలే వస్తయ్."

"జర ముందుగల్ల జెప్తే మంచి బట్టలన్న తొడిగేటోన్ని గద" అని బాపు గొణుక్కున్నాడు. నేను అంత జ్వరంలోనూ నవ్వాను.

ఎముక లోపల చీము పట్టిందట. సూదులు మొదలుపెట్టారు. మందు ఒకరోజు ఉంటే ఇంకోరోజు ఉండేది కాదు. రైలు రాలేదు, మందు రాలేదు అనేవాళ్లు. వాపు మడమ నుంచి మోకాలి దాకా పాకింది. నా పక్క మంచం అవ్వ జనగామ దగ్గరి భూస్వాముల ఇంటి మనిషి. మొదట్లో నా గిన్నె తన గిన్నెకు తగలకుండా దూరం జరుపుకునేది. నేను జ్వరంలో పలవరించిన రోజు తన జావ సగం నా గిన్నెలో వంచింది. "తాగు బిడ్డా, ఎవలు సూస్తున్నరు" అంది. ఆ మాటకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. జావ మాత్రం తాగాను.

ఒక పొద్దున పెద్ద డాక్టరు వచ్చాడు. శస్త్రచికిత్సలు చేసేది ఆయనే. నేను మగతలో ఉన్నాను. జరిగిందంతా తర్వాత బాపూ సిస్టరూ చెప్పగా విన్నదే. ఆయన కాలు చూసి, బాపును పక్కకు పిలిచి, "ఇంక ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. రేపు పొద్దున కాలు తీస్తాం. నీకు సమ్మతమేనా?" అని అడిగాడు.

"తీయుండ్రి సారూ, మీ దయ" అన్నాడు బాపు, దండం పెట్టి. పెద్ద డాక్టరు ఎంత గుండె ధైర్యమో అనుకుని బాపు భుజం తట్టి వెళ్లిపోయాడు.

బాపు ముందే పంపిన కబురందుకుని, ఆ మధ్యాహ్నమే యాడి నా అద్దాల లంగా మూటగట్టుకుని వచ్చింది. బాపు ఆ మూట విప్పి, ఏలియమ్మ సిస్టర్‌ను బతిమాలాడు. "సిస్టరమ్మా, రేపు పొద్దుగాల పిల్లకు గిది తొడుగుండ్రి. పోయినసారి పాతగుడ్డల మీదనే తీసిన్రు."

"ఏం తీసిన్రు?"

"కాలు. రేపు మళ్ల తీస్తరట గద."

సిస్టర్ చేతిలో లంగా అలాగే ఉండిపోయిందట. ఎక్కడైనా కాలు తీసేస్తామంటే తండ్రి బట్టలు తెస్తాడా? అప్పుడు ఆమెకు అర్థమైంది, ఈయన రేపు ఫొటో అనుకుంటున్నాడని. బాపును బల్ల మీద కూర్చోబెట్టి, తన చేతిని కత్తిలా మోకాలి పైన పెట్టి చూపించి చెప్పింది.  యాడి అరిచిన అరుపు మగతలో ఉన్న నాకు తప్ప వార్డంతా వినపడిందట. "ఏమడిగిన్రో సమజ్ గాకుంటనే ఊ అంటవా? నా బిడ్డ కాలు నీ అయ్య సొమ్మా?" బాపు తలరుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం వాళ్లిద్దరూ సరిగా మాట్లాడుకోలేదు.

సిస్టర్ నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. అప్పుడు అక్కడే ఉన్న కుర్ర డాక్టరు నాకు తర్వాత చెప్పాడు ఏమైందో.

"తండ్రికి అర్థం కాలేదు సార్. ఆయన ఒప్పుకున్నది ఫొటోకు."

"సరే, మళ్లీ చెప్పి ఒప్పించు."

"తండ్రికి చెప్పిన. ఇంక పిల్లకు చెప్పాలె."

"చిన్నపిల్ల. చెబితే ఏడ్చి గోల చేస్తుంది. వద్దు."

"ఏడ్వనియ్యుండ్రి సార్. ఆమె కాలు. ఆమెకు తెల్వకుంట నేను తయారు చేసి పంపను."

"నువ్వు పంపకపోతే ఇంకొకరు పంపుతారు. నీ ఉద్యోగం సంగతి చూసుకో."

"సరే సార్. అప్పటిదాక మంచం కాడనే ఉంట."

కుర్ర డాక్టరు, "ఒకసారి అడుగుదాం సార్, పోయేదేముంది" అన్నాడట. నేను అతన్ని క్షమించింది ఆ ఒక్క మాటకే.

బాపు వార్డు గుమ్మంలో ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "సెప్పకు తల్లీ, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. ఆ మాట మాత్రం నా చెవులతో విన్నాను.

"రేపు లేచి సూస్కుంటే నీ మొఖం ఎట్ల సూస్తది బాపూ?" అంది ఆమె.

నా మంచం అంచున కూర్చుని చెప్పింది. మెత్తగా చెప్పలేదు, దాచి చెప్పలేదు. మోకాలి పైకి కోసి తీసేస్తారని చెప్పింది. నేను గ్లాసు తీసి ఆమె మీద విసిరాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, మా భాషలో కొన్ని, తెలుగులో కొన్ని. ఆమె కొంగు దులుపుకుంది. లేచి పోలేదు. నా ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

"ఇంకో తోవ లేదా? పోయి అడుగు" అన్నాను.

"నేనెందుకు అడగాలె? నువ్వే అడుగు. నేను పక్కకు నిలవడ్త."

తెల్లారి పెద్ద డాక్టరు రాగానే అడిగాను.  ఆయన మొదట సిస్టర్ వైపు చూశాడు, తర్వాత బాపు వైపు. ఇద్దరూ నా వైపే చూశారు. ఇక తప్పక నా వైపు తిరిగాడు. ఎముకకు కిటికీ పెట్టినట్టు కోసి, చీము వదిలించి, చచ్చిన ఎముక గీకి చూడొచ్చట. నెలలు పడుతుందట. నరకం కనపడుతుందట. అంతా చేసినా కాలు నిలుస్తుందని మాట ఇవ్వలేడట. జ్వరం తగ్గకపోతే కాలు తీయక తప్పదట.

"గీకుండ్రి" అన్నాను.

చలికాలం

నరకం అని ఆయన ఊరికే అనలేదు. రోజూ కట్టు విప్పి, గుంతలో కుక్కిన గుడ్డ లాగి, కొత్తది పెట్టేవాళ్లు. వేరేవాళ్లు కట్టు కడితే ఇద్దరు మనుషులు నన్ను అదిమిపట్టేవాళ్లు. ఏలియమ్మ సిస్టర్ ఎవరినీ పట్టనిచ్చేది కాదు. "చెయ్యి లేపు, ఆపుత. చెయ్యి దించు, మళ్ల మొదలువెడ్త" అనేది. నేను చెయ్యెత్తితే నిజంగానే ఆగేది. వెనక పని పేరుకుపోతున్నా ఆగేది. పంతం కొద్దీ నేనే త్వరగా చెయ్యి దించేదాన్ని. అదిమిపట్టినప్పుడు ఉన్నంత నొప్పి అప్పుడూ ఉండేది, కానీ భయం ఉండేది కాదు.

జ్వరం దిగింది. మోకాలి వాపు తీసింది. కూర్చుని అన్నం తినే రోజు వచ్చింది. బాపు నా మంచం పట్టె పట్టుకుని, తల వంచుకుని అన్నాడు. "నాకు తెల్వక ఊ అన్న బిడ్డా." నాకు ఆయన మీద కోపం లేదని చెప్పాను. ఆయన అడిగిన దానికే జవాబు చెప్పాడు. అడిగినవాడు అర్థమైందా అని ఇంకో మాట అడిగి ఉంటే సరిపోయేది.

చలి ముదిరిన రోజుల్లో సిస్టర్‌ను అక్కడి నుంచి పంపించేశారు. అడవి వైపు ఎక్కడో చిన్న దవాఖానకట, కొత్తగూడ అవతల అని ఒకరు, ఇంకా దూరమని ఒకరు చెప్పారు. పెద్ద డాక్టరుకు ఎదురు చెప్పినందుకా, మామూలు బదిలీయేనా, నాకు ఎవరూ చెప్పలేదు. నా అనుమానం నాకుంది. వెళ్లేముందు నా జడ అల్లి, "నోరు వోగొట్టుకోకు" అని మాత్రం అంది. నేను ఏడ్చాను. సిగ్గేముంది, చాలా ఏడ్చాను.

ఈ కథ విన్నవాళ్లు అంటుంటారు, ఆ సిస్టర్ మాట వినకుండా మొదట్లోనే ఒప్పుకుని ఉంటే అన్ని నెలల యాతన తప్పేది గదా అని. మంచిమాటలాగే ఉంటుంది. నేను వాళ్లను ఒకటే అడుగుతాను. నిద్రలేచి దుప్పటి తీసి చూసుకుంటే కాలు లేకపోవడం, ఎందుకు లేదో ఇంట్లో అందరికీ తెలిసి మీ ఒక్కరికే తెలియకపోవడం, అది యాతన కాదా? ఆ నెలలు నేను ఎంచుకున్నవి. నొప్పి నాదే, పంతమూ నాదే. ఒక్క పూట కూడా తిరిగి ఇచ్చేయను.

శివరాత్రి దాటాక

మడమ దగ్గర ఎముక నిలవలేదు. పాదం నల్లబడుతూ వచ్చింది. వేళ్లు గిచ్చినా తెలిసేది కాదు. ఎవరూ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

పెద్ద డాక్టరు వచ్చాడు. ఈసారి బాపును పక్కకు పిలవలేదు. స్టూలు లాక్కుని నా తల దగ్గర కూర్చున్నాడు. సిస్టర్ లేదు, నా పక్కన నిలబడేవాళ్లు ఎవరూ లేరు. బాపూ యాడీ మంచం కాళ్ల వైపు ఉన్నారు.

"కమ్లీ, పాదం పోయింది. ఉంచితే మళ్లీ పైకి పాకుతుంది" అన్నాడు.

"తెలుసు సార్."

"తీసేయాలి. ఫొటో కాదు."

"తెలుసు. ఏడికి కోస్తరు?"

"అప్పుడయితే మోకాలి పైకి కోయాల్సి వచ్చేది. ఇప్పుడు వాపు దిగింది కాబట్టి మోకాలు దక్కొచ్చు. లోపల చూస్తే గానీ చెప్పలేను. చెడిపోయి ఉంటే పైకి వెళ్లక తప్పదు."

మోకాలు ఉంటే కర్రకాలు పెట్టుకుని నడవొచ్చని, గట్లు ఎక్కొచ్చని, కింద కూర్చోవచ్చని పక్క మంచం అవ్వ అప్పట్లో చెప్పింది. వాళ్ల ఊళ్లో అలాంటి మనిషి ఉన్నాడట. నాకు ఆ మోకాలు కావాలి. ఇంకేమీ వద్దు, ఆ మోకాలు కావాలి.

"కోయుండ్రి సార్. కాని నన్నడగకుంట మోకాలు ముట్టొద్దు."

"నువ్వు మత్తులో ఉంటావు కదమ్మా. ఎలా అడుగుతాను?"

"మత్తు దిగినంక అడుగుండ్రి. పైకి కోయాల్నంటే మళ్ల పండుకుంట, మళ్ల కోయుండ్రి."

"రెండుసార్లు కోయించుకుంటావా? ప్రాణం మీదికి రావొచ్చు, తెలుసా?"

"తెలుసు. ఒక్కసారే కోసి మీరు నాకు తర్వాత చెప్పుడు వద్దు."

యాడి కొంగు నోట్లో కుక్కుకుంది.  పెద్ద డాక్టరు నా ముఖంలోకి చూశాడు. కోపం వచ్చిందనుకున్నాను. వస్తే రానీ అనుకున్నాను.

"సరే. నిన్ను అడగకుండా ముట్టను" అన్నాడు.

మత్తు దిగేసరికి నోరంతా చేదు. యాడిని పిలవలేదు, నీళ్లడగలేదు. దుప్పటి కింద చెయ్యి పోనిచ్చి తడుముకున్నాను. తొడ ఉంది, దాని కింద మోకాలు ఉంది, ఇంకొంచెం కిందికి గుడ్డల కట్టు ఉంది. ఆ తర్వాత మంచమే. మోకాలు పట్టుకుని అలాగే పడుకున్నాను. పెద్ద డాక్టరు వచ్చి నిలబడ్డాడు, ఇంకా టోపీ కూడా తీయలేదు.

"లోపల బాగానే ఉంది. బాగా లేకపోయినా ఆగేవాణ్ణి" అన్నాడు.

"ఆ మాట మీదనే మత్తుకు పండుకున్న సార్" అన్నాను.